భారమూ బరువూ



ఆగస్టు వచ్చిందంటే మన ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. శనివారం రాత్రి డాలస్ ఎయిర్‌పోర్టులో ఇద్దరు పిల్లలు దిగుతున్నారు, ఎవరైనా వెళ్ళగలరా అని ఒక మెసేజ్. మా ఇంట్లో పరుపు ఒకటి ఖాళీగా ఉంది, పట్టుకెళ్ళండని ఇంకొకటి. ఒక ఆంటీ గారు రైస్ కుక్కరు ఇస్తానంటారు, ఒక అన్న బ్యాంకు అకౌంటు తెరిపిస్తానంటాడు. ఆ ఆదివారం పాస్టరు గారు కొత్త విద్యార్థులందరినీ ముందుకు పిలిచి, కొత్త విద్యా సంవత్సరం కోసం ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత బిర్యానీ.

నేనూ అలా వచ్చినవాణ్ణే. 2013 ఆగస్టులో రెండు సూట్‌కేసులతో టెక్సాస్‌లో దిగాను, కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి. రాకముందు రెండు నెలలు ఇంట్లో ఒకటే హడావిడి. కళ్ళజోళ్ళు రెండు జతలు చేయించారు. ఇక్కడ పంటి డాక్టరు దగ్గరకు వెళ్తే ఆస్తులు అమ్ముకోవాలని ఎవరో చెబితే పళ్ళన్నీ చూపించారు. కందిపొడి, ఆవకాయ, కుక్కరు, దానికి అదనంగా రెండు గాస్కెట్లు. పుస్తకం మాత్రం ఒక్కటీ తెరవలేదు. వీసా వచ్చాక ఇంకా చదివేదేముందన్నట్టు ఉండేది మా ఇంటి వాతావరణం.

నన్ను ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్ళిన సీనియరు చాలా మంచివాడు. వారం రోజులు తన గదిలో ఉంచుకున్నాడు, అన్నం వండిపెట్టాడు. వెళ్ళేరోజు ఒక లింకు పంపించాడు. తెరిచి చూస్తే గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు. లోపల కోర్సు నంబర్ల వారీగా ఇంకా ఫోల్డర్లు. ప్రతి దాంట్లో పాత అసైన్‌మెంట్లు, వాటికి జవాబులు, ప్రాజెక్టులు, క్విజ్‌లు. "మన సీనియర్లు కూడబెట్టిన ఆస్తి తమ్ముడూ, జాగ్రత్తగా వాడుకో" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చినంత పనయింది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఇంత సాయం ఎవరు చేస్తారు?

అది తప్పని నాకు అప్పుడు తోచలేదు. దానికి ఒక కారణం ఉంది, సమర్థించుకోవడానికి కాదు గాని చెబుతాను. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు ఎలా రాస్తామో ఇది చదివే వాళ్ళలో చాలామందికి తెలుసు. సీనియరు రికార్డు ముందు పెట్టుకుని, స్కేలుతో మార్జిన్లు గీసి, అక్షరం పొల్లుపోకుండా దించేయడమే. సంతకం పెట్టే సారుకీ ఆ సంగతి తెలుసు. అసలు లెక్క చివరి పరీక్షది. అందుకని అసైన్‌మెంటు అంటే మనకు రికార్డు లాంటిదే, అది ఒక తంతు. ఇక్కడ అలా కాదు. చాలా కోర్సుల్లో ఆ అసైన్‌మెంట్లే సగం పరీక్ష. ఒక్కొక్కదానికీ గ్రేడులో వాటా ఉంటుంది. మొదటి రోజు ఇచ్చే సిలబస్‌లో ఆ వాటాలన్నీ రాసి ఉంటాయి, ఎంతవరకు ఒకరితో ఒకరు చర్చించుకోవచ్చో, ఎక్కడ ఆగాలో కూడా ఉంటుంది. మాలో ఆ పేజీ చదివినవాళ్ళు ఎవరూ లేరు.

ఫోల్డరు వాడాను. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో పేజ్ రీప్లేస్‌మెంట్ మీద ఒక ప్రోగ్రాం రాయమన్నారు. ఫోల్డర్లో ఉన్నదాన్ని తీసుకుని వేరియబుల్ పేర్లు మార్చి, కామెంట్లు నా మాటల్లో రాసి ఇచ్చాను. ఏ గ్రేడు వచ్చింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. వెళ్ళేటప్పుడు ఆ ప్రోగ్రాంను నా వంతుగా ఫోల్డర్లో చేర్చాను, అప్పు తీర్చినట్టు.

పోయిన ఏడాది ఆగస్టులో మన ఫెలోషిప్‌కు వచ్చిన తమ్ముళ్ళలో ఒకడు నేను చదివిన యూనివర్సిటీలోనే చేరాడు. వాళ్ళ నాన్నగారు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతు. నెమ్మదస్తుడు, మన యూత్ క్వయర్‌లో తబలా వాయిస్తాడు. నా పాత ప్రొఫెసరు ఇంకా అదే సబ్జెక్టు చెబుతున్నారని తెలిసి, వాడు అడక్కముందే లింకు పంపాను. మా సీనియరు నాతో అన్న మాటే వాడితో అన్నాను.

అక్టోబరులో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. మొదట అడిగింది ఇదీ: "అన్నా, ఆ రెండో లూపు ఎందుకు పెట్టారు?"

విషయమేమిటంటే, ఇప్పుడు ఆ ప్రొఫెసరు అందరి ప్రోగ్రాంలనూ మాస్ అనే సాధనంతో పోల్చి చూస్తున్నారు. ఏళ్ళ తరబడి వచ్చినవన్నీ దాచి, వాటితో సహా. అలెక్స్ ఐకెన్ అనే శాస్త్రవేత్త 1994లో తయారు చేసింది అది. వేరియబుల్ పేర్లు మారిస్తే దాని కళ్ళు కప్పలేం, అసలు అది పేర్లు పట్టించుకోదు. ప్రోగ్రాంలో ఖాళీలు తీసేసి, ఒకదాని మీద ఒకటి పడేలా చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కనూ ఒక సంఖ్యగా మారుస్తుంది. వరసగా కొన్నికొన్ని సంఖ్యలు తీసుకుని, ఒక్కో వరసలో అన్నిటికంటే చిన్నదాన్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది. అలా మిగిలినవే ఆ ప్రోగ్రాం వేలిముద్రలు. రెండు ప్రోగ్రాంల వేలిముద్రలు కలిస్తే చూపిస్తుంది. ఈ పద్ధతిని వివరిస్తూ 2003లో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. అందులో దీనికి పెట్టిన పేరు తూర్పారబట్టడం. కళ్ళంలో చేట ఎత్తి పట్టుకుని గింజనూ పొట్టునూ వేరు చేయడం మా తాత చేస్తుంటే చూశాను. బాప్తిస్మమిచ్చు యోహాను చేట గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ఆ చేట నా మీదకే వస్తుందని అనుకోలేదు.

తమ్ముడి ప్రోగ్రాం ఒక పాత ప్రోగ్రాంతో కలిసింది. ప్రొఫెసరు వాణ్ణి పిలిచి ఏమీ తిట్టలేదట. ప్రోగ్రాంలో ఒకచోట వేలు పెట్టి, పైన ఒకసారి లెక్కలన్నీ సున్నా చేశావు కదా, మళ్ళీ కింద ఈ లూపుతో ఎందుకు సున్నా చేస్తున్నావని మాత్రం అడిగారట. వాడికి తెలియలేదు. నన్ను అడిగాడు. నాకూ తెలియదు. ఆ లూపు నేను రాసింది కాదు. మా సీనియరు రాశాడో, ఆయన ముందువాడు రాశాడో, అసలు ఎవరు రాశారో ఎవరికి తెలుసు? నేను చేసిందల్లా పేర్లు మార్చడం. పన్నెండేళ్ళుగా చేతులు మారుతూ వచ్చింది, ఎవరూ ఎందుకని అడగలేదు. దానికి నేను ఏ గ్రేడు తెచ్చుకున్నాను.

వాడి రెండో ప్రశ్న: "ఎక్కడినుంచి తీసుకున్నావని రేపు రాసివ్వమన్నారు అన్నా. ఏం రాయమంటారు?"

ఇక్కడ నేను ఏం చేశానో రాయడానికే ఈ వ్యాసం ఇన్నాళ్ళు వాయిదా వేశాను. నా గ్రీన్ కార్డు పెండింగులో ఉంది. డిగ్రీ మీద ఏమైనా వస్తుందేమోనన్న భయం ఒక్క క్షణంలో వచ్చేసింది. "నెట్‌లో దొరికిందని రాయి. నా పేరెత్తినా నీకొచ్చే లాభమేమీ లేదు కదా" అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే అన్నా" అన్నాడు. ఫోను పెట్టేశాక చూస్తే నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "మొన్న ఆదివారం స్టూడెంట్లందరి కోసం ప్రార్థన చేసింది మీరే కదండీ" అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ప్రొఫెసరుకు ఈమెయిల్ రాశాను, జరిగిందంతా. రెండు లైన్ల జవాబొచ్చింది. చెప్పినందుకు కృతజ్ఞతలు, కానీ ఇచ్చింది ఎవరైనా, తన పేరు మీద సమర్పించింది ఆ అబ్బాయే కాబట్టి నిర్ణయం మారదని. కోర్సులో ఫెయిల్. జీపీఏ 3.0 కంటే కిందకు పడింది, అకడమిక్ ప్రొబేషన్‌లో పెట్టారు. మూడు క్రెడిట్ల ఫీజు మళ్ళీ కట్టాలి. తర్వాతి సెమిస్టరులో పైకి రాకపోతే చదువు ఆగుతుంది, చదువు ఆగితే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. ఆ ఫీజులో సగం నేను కడతానంటే రెండు నెలలు ఒప్పుకోలేదు.

ఈ సంగతి ఫెలోషిప్‌లో కొందరితో చెప్పుకున్నాను. ఒక అన్న చెప్పిన మాట సులువుగా కొట్టిపారేసేది కాదు. "మనం ఆఫీసులో చేసేదేంటి? గిట్‌హబ్‌లోదీ స్టాక్ ఓవర్‌ఫ్లోలోదీ తెచ్చి వాడడమే కదా. ఉన్నదాన్ని మళ్ళీ రాసేవాణ్ణి తెలివితక్కువవాడంటాం. పిల్లవాడు చేస్తే మాత్రం పాపమా?"

చాలా రోజులు ఆలోచించాను. ఆఫీసులో కావలసింది ప్రోగ్రాం. అది పనిచేయాలి, దాని లైసెన్సు మనకు అనుమతి ఇవ్వాలి, అంతే. ఎవరు రాశారన్నది ఎవరూ దాచరు. క్లాసులో ప్రొఫెసరుకు ప్రోగ్రాంతో పనేముంది? అలాంటివి ఆయన దగ్గర వందలున్నాయి. ఆయనకు కావలసింది ఆ ప్రోగ్రాం రాస్తూ రాస్తూ పిల్లవాడి బుర్రలో జరిగే మార్పు. తయారు కావలసిన సరుకు వాడే. ఇంకొకరి ప్రోగ్రాం ఇస్తే, కసరత్తు చేయడానికి వెళ్ళినవాడి బరువులు మనం ఎత్తిపెట్టినట్టు. బరువులు పైకి లేస్తాయి నిజమే. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో పేజ్ రీప్లేస్‌మెంట్ గురించే అడిగారు. ఏ గ్రేడు వచ్చిన సబ్జెక్టు. బోర్డు ముందు మార్కరు పట్టుకుని నిలబడ్డ ఆ పది నిమిషాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఆ ఫోల్డరు మనవాళ్ళకే. సీనియర్లు లేని దేశం నుంచి వచ్చినవాడికి, మన గుంపులో కలవని అమ్మాయికి అది లేదు. వాళ్ళు రాత్రంతా కూర్చుని సొంతంగా రాసుకుని బీ తెచ్చుకుంటే, మనం ఏ తెచ్చుకున్నాం. దాన్ని ఐకమత్యమనుకున్నాం. సొంతంగా కష్టపడి చదివిన తెలుగు పిల్లల్ని కూడా ఇప్పుడు అనుమానంగా చూస్తున్నారంటే అందులో మన ఆస్తి వాటా కూడా ఉంది.

అయితే మరి సాయం చేయకూడదా? ఆ దారీ నాకు ఒప్పుగా లేదు. లెక్క వేసి చూడండి. మాస్టర్స్‌లో సాధారణంగా సెమిస్టరుకు తొమ్మిది క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల చదువు అన్నది ఈ దేశంలో క్రెడిట్‌కు ఉన్న లెక్క. అంటే వారానికి 27 గంటలు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే 20 గంటల వరకు చేయొచ్చు. మొత్తం 47. దాని మీద వంట, బట్టలు, కారు లేని ఊళ్ళో బస్సు ప్రయాణాలు, అర్ధరాత్రి ఇంటికి ఫోన్లు, అప్పు మీద వడ్డీ. ఫోల్డరు తెరిచేవాడు బద్ధకస్తుడు కావడం తక్కువ. రాత్రి రెండు గంటలకు అలసిపోయినవాడు తెరుస్తాడు. వాడితో నిజాయితీగా ఉండు నాయనా అని ఒక మాట చెప్పి ఇంటికెళ్ళి పడుకోవడం నాకు పరిసయ్యుల పనిలా అనిపిస్తుంది.

గలతీ పత్రిక ఆరో అధ్యాయం ఈ మధ్య మళ్ళీ చదివాను. ఒకరి భారాలు ఒకరు మోయమంటాడు పౌలు. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇదేమిటి, ఇలా మాట మార్చాడని అడిగితే టీచరు గారు నవ్వి ఊరుకున్నారు. మన తెలుగు బైబిలు జాగ్రత్తగా ఒకచోట భారమనీ, ఇంకోచోట బరువనీ రెండు మాటలు వాడింది. గ్రీకులోనూ రెండు మాటలే, మొదటిది బారోస్, రెండోది ఫోర్తియోన్. మొదటిది మనిషిని కుంగదీసే భారం. రెండోది ఎవరి భుజానికి వాళ్ళు తగిలించుకునే మూట, సైనికుడి మూట లాంటిది.

నాకు అర్థమైనంతలో పరుపు, కుక్కరు, అద్దె, ఎయిర్‌పోర్టు, ఒంటరితనం, ఇవన్నీ భారాలు. వీటిలో ఎన్ని మనం మోస్తే వాడికి అన్ని గంటలు మిగులుతాయి. అసైన్‌మెంటు వాడి మూట. నేను చేసిన పొరపాటు ఒకే చేత్తో రెండూ అందుకోవడం. పరుపు ఇచ్చిన ప్రేమతోనే ఫోల్డరూ ఇచ్చాను, అందుకే తేడా కనపడలేదు.

గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉంటుందని చెప్పను. పోయిన జనవరి నుంచి బుధవారం సాయంత్రాలు చర్చి హాల్లో ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. పిల్లలు ల్యాప్‌టాప్‌లు తెచ్చుకుంటారు. తప్పు ఎక్కడుందో నాకు కనిపిస్తూ ఉంటుంది. వివరిస్తూ వివరిస్తూ ఒకరోజు చూసుకుంటే కీబోర్డు మీద ఉన్నవి నా చేతులు. ఎప్పుడు అందుకున్నానో తెలియదు. అప్పటినుంచి రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని కూర్చుంటున్నాను, నవ్వకండి, పనిచేస్తోంది. చాట్‌జీపీటీ ఉండగా ఇంకా ఫోల్డర్లెందుకన్నా అన్నాడు ఒకడు. అదీ ఫోల్డరే కదరా, కాకపోతే ఎవరో ఒక సీనియరు కాకుండా లోకమంతా నింపిన ఫోల్డరు అన్నాను. ఒక ప్రోగ్రాం అందులోనుంచి తెచ్చాడు. ఒక లైను మీద వేలు పెట్టి ఎందుకని అడిగాను. వాడు నా మొహం చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

బయలుదేరబోయే పిల్లలు ఇది చదువుతుంటే రెండు మాటలు. విమానం ఎక్కేలోపు రోజుకో గంట కేటాయించి, మొదటి సెమిస్టరు కోర్సులకు ముందుగా ఏమేం తెలిసి ఉండాలో డిపార్ట్‌మెంటు వెబ్‌సైటులో చూసుకోండి. సీ లాంగ్వేజిలో పాయింటర్లు మర్చిపోయి ఉంటారు, అందరం మర్చిపోయాం. చిన్న చిన్న ప్రోగ్రాంలు చేత్తో రాయండి. మొదటి వారంలో ప్రతి సిలబసూ మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆఫీస్ అవర్స్ ఎప్పుడో ఫోన్‌లో పెట్టుకోండి. మన దగ్గర సారు గదికి వెళ్ళడమంటే ఏదో తప్పు చేసినట్టు. ఇక్కడ ఆయన ఆ గంట మీ కోసమే కూర్చుంటారు, చాలా రోజులు ఒక్కరూ రాక ఖాళీగా కూర్చుంటారు. ఆగస్టు ప్రార్థనలో మనం తప్పకుండా దానియేలును తలుచుకుంటాం, రాజు భోజనం వద్దన్నాడని. ఆ పరాయి దేశంలో మూడేళ్ళ చదువు పెట్టారనీ, కల్దీయుల భాషా విద్యా కూర్చుని నేర్చుకున్నాడనీ మాత్రం ఎవరూ ఎక్కువసేపు చెప్పరు.

నా లింకు తీసేశాను. దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, కాపీలు ఎన్ని చోట్ల ఉన్నాయో. మా సీనియరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, "నాకూ ఎవరో ఇచ్చిందే తమ్ముడూ" అన్నాడు.

పోయిన శనివారం ఎయిర్‌పోర్టుకు ఇద్దరం వెళ్ళాం, నేనూ పొగాకు రైతు గారి అబ్బాయీ. వాడు గట్టెక్కాడు, ప్రొబేషన్ తీసేశారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఈ సెమిస్టరు మళ్ళీ తీసుకుంటున్నాడు. కొత్తగా దిగిన పిల్లలిద్దరూ వెనక సీట్లో సూట్‌కేసుల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. హైవే ఎక్కామో లేదో ఒకడు మెల్లగా అడిగాడు, సీనియర్ల దగ్గర మెటీరియల్ ఏదో ఉంటుందట కదా అన్నా అని. నేను నోరు తెరిచేలోపే మావాడు వెనక్కి తిరిగి, "నాకు ఆ ఫోల్డరు వల్ల ఒక సెమిస్టరు పోయింది. బుధవారం చర్చికి రా, చెబుతాను" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అన్నా, ఆ రెండో లూపు ఎందుకో కనుక్కున్నాను."

"ఎలా?"

"ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసరు గారినే అడిగాను. ఆయన పాత ఫైళ్ళు తీసి చూశారు. ఒకప్పుడు ఒకే రన్‌లో రెండు ఇన్‌పుట్ ఫైళ్ళు చదవమని ఇచ్చేవారంట. రెండోది మొదలెట్టే ముందు లెక్కలన్నీ మళ్ళీ సున్నా చేయాలి కదా, అందుకు. తర్వాత అసైన్‌మెంటు మార్చి ఒక ఫైలే చేశారు. అది మీరు చేరకముందే."